అక్షరం అడుగున ఉలి జాడ

అన్నమయ్య సంకీర్తనల సంపుటాల్లో ఏది తెరిచినా పాటతో పాటు రాగం పేరూ, ఒక రేకు సంఖ్యా కనిపిస్తాయి. తిరుమలలో దొరికిన రాగిరేకుల్లో ఆ పాట ఏ రేకు మీద ఉందో చెప్పే అంకె అది. ఒకరకంగా పాట చిరునామా. మనం రాగం చూస్తాం, పల్లవి చూస్తాం, ఆ అంకెని దాటేసి వెళ్ళిపోతాం. నేను మాత్రం చాలాకాలంగా ఆ అంకె దగ్గరే ఆగిపోతున్నాను. వేల పాటలు రాగి మీద చెక్కారు సరే, దేనితో చెక్కారు? ఆ పనిముట్టు ఎలా ఉండాలో ఎవరు తేల్చారు?

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాడికి తప్ప ఇంకెవరికీ రాని ప్రశ్న ఇది అనొచ్చు మీరు. కొంత నిజమే. ఇంకో కారణం మా ఊరు. మాది శిరివెళ్ల. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డు మీద ఉంటుంది. ఆళ్లగడ్డ అంటే రాతి విగ్రహాలు చెక్కేవాళ్ళ ఊరు. అది దాటి నల్లమల వైపు తిరిగితే అహోబిలం. అక్కడే శఠకోపయతి దగ్గర అన్నమయ్య వేదాంతం చదువుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. ఒకే దారిలో ఉలీ, పాటా రెండూ ఉన్న ప్రాంతం మాది. రెంటినీ కలిపి ఆలోచించడం మాత్రం మా దగ్గర కూడా ఎవరూ చేయరు.

ముందు లోహం సంగతి చూద్దాం. రాగిలో తగరం కలిస్తే కంచు. కంచు కంఠం అంటాం కదా, ఆ మోత తగరం వల్ల వచ్చిందే. గంటలకీ, పళ్ళేలకీ వాడే కంచులో దాదాపు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు కొడితే పగులుతుంది కాబట్టి ఎర్రగా కాల్చి సాగగొట్టాలి. అలాంటి లోహం మీద ఉలితో పేజీలకి పేజీలు అక్షరాలు చెక్కడం అయ్యే పని కాదు. శాసనాలకి రాగిని ఎంచుకోవడంలో ఈ లెక్క కూడా ఉంది. రాగి మెత్తన, సాగుతుంది, పగలదు. అయితే సుత్తి దెబ్బ పడేకొద్దీ అది కూడా గట్టిపడుతుంది. మళ్ళీ కాల్చి మెత్తబరుచుకోవాలి. అంటే మొదటి అక్షరం పడేలోపే రేకు కొలిమి చూసి వచ్చి ఉంటుందన్నమాట.

ఇవాళ్టి లేత్ మెషీన్ దగ్గరా ఇదే తర్కం. స్వచ్ఛమైన రాగి పనిముట్టు మొనకి అంటుకుంటుంది, తెగకుండా పొడుగాటి రిబ్బన్‌లా సాగుతుంది. దానికి బాగా పదునైన, వెనక్కి వాలిన మొన కావాలి. సీసం కలిసిన కంచుకి అదే మొన పెడితే, పనిముట్టు తనంతట తనే లోహంలోకి దూసుకుపోతుంది. అక్కడ వాలు లేని చదునైన మొన పెట్టాలి. ఫాస్ఫర్ బ్రాంజ్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఓడల ప్రొపెల్లర్లకి వాడే నికెల్ అల్యూమినియం బ్రాంజ్‌లో అసలు తగరమే ఉండదు, పేరుకే బ్రాంజ్. దాని ముందు మామూలు ఉక్కు మొన ఎంతోసేపు నిలవదు, కార్బైడ్ కావాలి. పేరు ఒకటే అయినా ఒక్కో మిశ్రమం ఒక్కో పనిముట్టు అడుగుతుంది.

రాగిరేకు మీద అక్షరం పడటానికి రెండు దారులున్నాయి. ఒకటి, సన్న ములుకుతో లోహాన్ని గీరి తీసెయ్యడం. రెండు, ఉలిని నిలిపి సుత్తితో కొట్టి లోహాన్ని పక్కకి నెట్టడం. రెండో పద్ధతిలో లోహం ఎక్కడికీ పోదు. అంచుల్లో పైకి లేస్తుంది, రేకు పలచగా ఉంటే వెనకవైపు ఉబ్బుతుంది. తాటాకు మీద గంటం ఒక్క ఊపులో గుండ్రంగా తిరుగుతుంది. రాగి మీద కొట్టే ఉలి అలా తిరగదు. వంపుని చిన్న చిన్న దెబ్బలుగా విడగొట్టుకోవాలి. మన గుండ్రటి తెలుగు అక్షరానికి ఇదెంత పనో ఊహించండి.

ఈ జాడలని పట్టించుకున్నవాళ్ళు లేకపోలేదు. 19వ శతాబ్దపు శాసన పరిశోధకుడు జె.ఎఫ్. ఫ్లీట్ ఏ తామ్రశాసనాన్ని వర్ణించినా, రేకు కొలతలు, బరువుతో పాటు అక్షరాల లోపలి భాగంలో చెక్కిన పనిముట్టు గుర్తులు కనిపిస్తున్నాయా, చెక్కుడు వెనకవైపుకి తేలిందా అన్నది కూడా నమోదు చేసేవాడు. తప్పు పడినచోట లోహాన్ని కొట్టి చదునుచేసి, దాని మీదే మళ్ళీ చెక్కిన సవరణలని కూడా శాసన పరిశోధకులు గుర్తించారు. రోజూ కోడ్ రాసేవాడిగా నాకు అదంటే భలే ఇష్టం. చెరిపేసినా చెరిపిన సంగతి చెరగదు.

మరి చెక్కిందెవరు? 16వ శతాబ్దపు విజయనగర తామ్రశాసనాలు చాలావాటి చివర రెండు పేర్లు కనిపిస్తాయి. శ్లోకాలు కట్టిన సభాపతి ఒకరు, వాటిని చెక్కిన వీరణాచార్యుడు ఇంకొకరు. వీరణాచార్యుడు మల్లణ కొడుకు, తనని త్వష్ట అని చెప్పుకున్నాడు. విశ్వకర్మ సంప్రదాయంలో ఐదు వృత్తులకి ఐదుగురు మూలపురుషులు: ఇనుముకి మను, కర్రకి మయ, రాగి, కంచులకి త్వష్ట, రాతికి శిల్పి, బంగారానికి విశ్వజ్ఞ. కవి పేరు పక్కన లోహకారుడి పేరు అదే రాగి మీద నిలబడటం చిన్న విషయం కాదు. మన అచ్చు పుస్తకాల్లో కంపోజిటర్ పేరు ఎన్నింట్లో చూశాం?

ఆ జాబితాలో మొదటివాణ్ణి మళ్ళీ చూడండి. మిగతా నలుగురి పనీ కమ్మరి కొలిమి దగ్గరే మొదలవుతుంది. ఉలిని కాల్చి, నీళ్ళలో ముంచి గట్టిపరిస్తే అది గాజులా పెళుసవుతుంది. మళ్ళీ మెల్లగా వేడిచేస్తూ మెరుగుపెట్టిన మొన మీద రంగు చూడాలి. ఎండుగడ్డి రంగు దగ్గర ఆపితే పదును నిలుస్తుంది కానీ గట్టి దెబ్బకి మొన విరగొచ్చు. ఊదా, నీలం దాకా పోనిస్తే దెబ్బకి ఓర్చుకుంటుంది కానీ త్వరగా మొద్దుబారుతుంది. గీరే ములుకుకి ఒక రంగు, కొట్టే ఉలికి ఇంకో రంగు. పనిముట్టు ఎంపిక అంటే ఆ క్షణంలో కొలిమి ముందు తీసుకున్న నిర్ణయమే. త్వష్ట పేరు శాసనంలోకి ఎక్కింది, ఈ నిర్ణయం తీసుకున్నవాడి పేరు ఎక్కలేదు.

ఆ లోహజ్ఞానం చిన్నదేమీ కాదు. మన ఉక్కు అన్న మాటే ఇంగ్లీషులో వూట్జ్ అయిందని అంటారు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కు పదునుకి ముచ్చటపడి, 1820 ప్రాంతంలో మైకేల్ ఫారడేతో కలిసి మిశ్రమ ఉక్కుల ప్రయోగాలు చేశాడు. తర్వాత కథ వేగంగా నడిచింది: 1868లో మషెట్ ఉక్కు, 1900 నాటికి టేలర్, వైట్‌ల హైస్పీడ్ స్టీల్, 1920లలో జర్మనీలో క్రుప్ కంపెనీ అమ్మిన టంగ్‌స్టన్ కార్బైడ్. దాని పేరు విడియా, వజ్రంలాంటిది అని అర్థం వచ్చే జర్మన్ మాటల నుంచి పుట్టింది. మన వర్క్‌షాపుల్లో ఇప్పటికీ కార్బైడ్‌ని విడియా అనే పిలుస్తారు. బనగానపల్లె వజ్రపు గనుల పక్క సీమలో వజ్రం పేరు జర్మనీ చుట్టి తిరిగొచ్చింది.

ఇప్పుడు ఎంపిక కేటలాగ్‌లోకి మారింది. ఐఎస్‌ఓ 513 ప్రకారం ఉక్కుకి నీలం, పోత ఇనుముకి ఎరుపు, రాగి, కంచు, అల్యూమినియంలున్న ఎన్ గుంపుకి ఆకుపచ్చ. మళ్ళీ రంగులే. తేడా ఏమిటంటే ఈ రంగు డబ్బా మీద అచ్చయి ఉంటుంది, ఆ రంగు కళ్ళముందు పుట్టి క్షణంలో మారిపోయేది. ఇది ఎవరైనా చదవొచ్చు, అదే దీని గొప్ప. ఆ రెండోది చదవగలిగినవాళ్ళు కరువవుతుంటే మనకి తెలియను కూడా తెలియదు.

చివరగా ఒక పాత సంగతి. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చేసిన ఎ.డి. కాంప్‌బెల్, తిరుపతి కొండ మీది రాగిరేకుల్లో వ్యాకరణ గ్రంథం ఉందని విని నకలు రాయించాడు. తీరా చూస్తే అన్నీ దేవుడి మీద పాటలే. వ్యాకరణం వెతికినవాడికి పాటలు అడ్డమొచ్చాయి. వందేళ్ళ తర్వాత పాటల కోసం వెళ్ళినవాళ్ళు, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు, అవే రేకుల నుంచి మనకి అన్నమయ్యని తెచ్చిచ్చారు. రేకులు అవే, అడిగిన ప్రశ్న మారింది.

ఆ రేకుల్ని మూడోసారి చదవాల్సి ఉందని నా నమ్మకం. పాఠాన్ని యూనికోడ్‌లోకి ఎక్కిస్తే పాట దక్కుతుంది, గాటు దక్కదు. పక్కనుంచి వాలుగా వెలుతురు వేసి, దగ్గరగా, రేకు రెండువైపులా ఫోటోలు తీస్తే చాలు: ఎక్కడ గీరారు, ఎక్కడ కొట్టారు, ఎక్కడ మొన మొద్దుబారి గీత వెడల్పయింది, ఏ పాట దగ్గర కొత్తగా పదునుపెట్టిన ఉలి పట్టుకున్నారు అన్నది కనిపించే అవకాశం ఉంటుంది. పేరు దొరక్కపోయినా ఆ కమ్మరి పని దొరుకుతుంది. సాహిత్య చరిత్రలో అతనికి కనీసం ఒక పాదసూచిక బాకీ ఉన్నాం.