బండి వెనుక చిరునామా

మా తండ్రిగారు గతించిన పిమ్మట ఆయన ఇనుపపెట్టెను సర్దుచుండగా, బీమా రసీదుల కట్టకును, పసుపుమరకలంటిన ఇంటిపన్ను చీటీలకును నడుమ, 1990లో గుంటూరున కొన్న బజాజ్ చేతక్ స్కూటరు ఆర్.సి. పుస్తకము కనబడెను. బండి యేనాడో తుక్కు క్రింద పోయినది. పుస్తకము మాత్రము మిగిలినది. అరచేత నిమిడెడి ఆ పుస్తకమును విప్పగా, మొదటిపుటయందు బ్రాడీపేటలోని యొక అద్దెయింటి చిరునామా నీలిసిరాతో వ్రాయబడి, దానిపై ఎర్రసిరాతో అడ్డగీత గీయబడి యున్నది. తరువాత నెల్లూరి చిరునామా, దానిపైనను అడ్డగీత. ఆపైన కర్నూలు చిరునామా. ఒక్కొక్కదాని క్రిందను సగమరిగిన రబ్బరుముద్రయు, చదువుటకు వీలుకాని పొట్టిసంతకమును. ఆయన దినచర్య వ్రాసికొనినవారు కారు, ఉత్తరములు దాచుకొనినవారును కారు. బదిలీల యుద్యోగములో మా కుటుంబము ఏ యేట ఏ వీధిలో కాపురముండెనో నిశ్చయముగా చెప్పగల లిఖితాధారము మా యింట ఇదియొక్కటే. దీనిని తిరుగవేయుచు, మనుష్యుడు ఇల్లు మారినచో బండికేమి పని, దాని యూసు సర్కారునకేల యను ప్రశ్న నాకు తోచెను.

వెదకి చూడగా, ఈ యారాటము మోటారుబండితోడనే పుట్టినట్లు తెలియవచ్చినది. 1893 ఆగస్టు 14వ తేదీన పారిస్ నగరపు పోలీసు అధికారి జారీచేసిన యుత్తరువు ప్రకారము, ప్రతి మోటారుబండికి ఎడమవైపున ఒక లోహపు రేకును బిగించి, దానిపై యజమాని పేరును, నివాసమును, అనుమతి పొందునప్పుడు వాడిన సంఖ్యను స్పష్టముగా లిఖింపవలెను. ఆ రేకును ఎన్నడును కప్పియుంచరాదు. అనగా ప్రపంచములోని మొట్టమొదటి నంబరుపలక, మన వీధిగుమ్మముల ప్రక్కన గోడకు కొట్టిన పేరుపలక వంటిదే. బండి వీధిలో పరుగెత్తుచున్నంతసేపును అది ఎవరిదో, ఆ యెవరో ఎక్కడ నుందురో చాటుకొనుచు పోవలసినదే. ఇల్లు మారినవాడు రేకును మార్చక తప్పదు. లేనిచో తన బండి తన యెదుటనే అబద్ధమాడును. న్యూయార్కు రాష్ట్రములో 1901లో బండివానిచేతనే పలక చేయించి, దానిపై వాని పేరులోని తొలియక్షరములు వ్రాయించు పద్ధతి పెట్టిరి గాని, ఒకే అక్షరములవారు పలువురు తటస్థపడుటచే రెండేండ్లకే అంకెలకు దిగవలసివచ్చెను. ఇంగ్లండులో 1903 నాటి మోటారుకార్ శాసనము 1904 జనవరి 1 నుండి అమలునకు వచ్చి, ప్రతి బండిని కౌంటీ కౌన్సిలువారి పుస్తకములో నమోదుచేయించి, ఒకటి రెండక్షరములును ఒక సంఖ్యయు గల గురుతును తగిలించుకొమ్మనెను. నమోదునకు ఇరువది షిల్లింగులు. నడుపువాని లైసెన్సునకు అయిదు షిల్లింగులు, అదియు ఏటేట కొత్తగా తీసికొనవలసినదే. నడుపుట వచ్చునా రాదా యని అడుగువాడు మాత్రము లేడు. పరీక్ష నిర్బంధమగుటకు 1935 వరకు ఆగవలసివచ్చెను.

ఇక్కడనే, నా యెరుకలో, అసలు మలుపున్నది. పారిస్ రేకు మీద బహిరంగముగా నున్న చిరునామా, అంకెల పద్ధతి రాగానే రేకును వీడి కచేరీలోని దస్తరములోనికి చేరినది. కంటియెదుటి పలకపై తప్పున్నచో యజమాని సిగ్గుపడియైనను దిద్దించుకొనును; బీరువాలోని పుస్తకములో తప్పున్నచో వానికి నిద్రాభంగమేమి?

మన దేశమున ఈ చిక్కు వెంటనే తలయెత్తకపోవుటకు కారణము మనవారి క్రమశిక్షణ కాదు, సాంవత్సరికమగు పన్ను. మోటారులు రాకపూర్వమే మునిసిపాలిటీలవారు జట్కాలకును, గూడుబండ్లకును, తరువాత సైకిళ్లకును ఆరుమాసముల కొకసారియో ఏటికొకసారియో పన్ను కట్టించుకొని అంకెలిచ్చుచుండిరి. జట్కా వెనుక తెల్లరంగుతో వ్రాసిన నంబరును, సైకిలు హ్యాండిలుకు కట్టిన చిన్న రేకుబిళ్లయు పెద్దవారికి జ్ఞాపకముండియే యుండును. ఆ బిళ్ల ఒక యేడు గుండ్రముగాను మరొక యేడు కోలగాను ఉండెడిది. బిళ్ల లేని సైకిలును పట్టుకొనుటకు పన్ను బిళ్లబంట్రోతు సందు మలుపున మాటువేసి యుండెడివాడు. దూరమునుండియే వానిని చూచి సైకిలు దిగి, ఏదో పనియున్నట్లు కిళ్లీకొట్టులో దూరు యువకులును ఉండిరి. ఆ వ్యవస్థలో దోషములు వేయి యుండవచ్చును గాని ఒక గుణముండెను: ప్రతి సంవత్సరమును బండివాడు మునిసిపలు ఆఫీసు కిటికీ యెదుట నిలువవలసినవాడే, గుమాస్తా 'ఎక్కడుంటున్నావు?' అని అడుగవలసినవాడే. చిరునామా దానంతట అదియే కొత్తదగుచుండెను.

మోటారుల విషయమున 1914 వరకు ప్రెసిడెన్సీలవారు తమ తమ శాసనములతో కాలము గడపిరి. ఆ యేట భారత మోటారు వాహన శాసనము వచ్చి, పదునెనిమిదేండ్లు నిండనివాడు బండి నడుపరాదనియు, బండికి నమోదును నడుపువానికి లైసెన్సును ఉండవలెననియు దేశమంతటికి ఒకే నియమము చేసెను. మద్రాసు రాజధానిలో 1931లో మోటారు పన్ను శాసనము వచ్చెను. అప్పటికి బస్సులు రైళ్లకు పోటీయై నిలిచియుండెను. ఆ పోటీని విచారించుటకు మిచెల్, కిర్క్‌నెస్ అను నిద్దరధికారులు నియుక్తులైరి. ఆ చర్చలన్నియు మథింపబడి తుదకు 1939 నాటి మోటారు వాహన శాసనమాయెను. దానియందే మనకు కావలసిన వాక్యమున్నది: ఆర్.సి.లో వ్రాసిన చిరునామాయందు యజమాని నివసించుట మానినచో, ముప్పది దినములలోగా కొత్త చిరునామాను నమోదు అధికారికి తెలిపి, పుస్తకమును పంపి అందు వ్రాయించుకొనవలెను. ఇల్లు మారినది మరొక రాష్ట్రములోనై, బండి అక్కడ పండ్రెండు మాసములకు మించి యుండినచో కొత్త నంబరే తీసికొనవలెను. ఈ రెండు నియమములును 1988 నాటి శాసనములోనికి ఇంచుమించు యథాతథముగా వచ్చి నేటికిని నిలిచియున్నవి.

ఆ ముప్పది దినములను పండ్రెండు మాసములను చూచి, వీరికేమి తొందర యని మనము విసుగుకొనవచ్చును. కాని పన్ను ఇంటిని బట్టి పోవునది. ఏ రాష్ట్రపు రోడ్డును బండి అరగదీయునో ఆ రాష్ట్రమునకు రుసుము చెందవలెను గదా. నంబరును అందరికి కనబడునట్లు బండికి కట్టి, దానికొక చిరునామాను పుస్తకములో ముడివేసి, ఆ చిరునామాలో ఒక మనుష్యుని నిలిపిరి. ఈ మూడింటిలో మనుష్యుడొక్కడే కాళ్లున్నవాడు. వాడు కదలినపుడెల్ల ముడి తెగును. తిరిగి వేయించుకొను భారమును శాసనము వానిమీదనే మోపినది.

తెలుగుదేశములో నంబరుల కథ వేరొక రుచి గలది. మద్రాసు రాజధాని కాలమున కోస్తా, రాయలసీమ బండ్లు 'ఎమ్' అక్షరముతో మొదలగు గురుతులతో తిరిగినవి. నిజాము రాష్ట్రమున వేరు పాలన, వేరు పుస్తకములు. అక్కడ 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. నేటికిని ఆర్.టి.సి. బస్సుల నంబరులో కనబడు 'జెడ్' అక్షరము నిజాము తల్లియగు జెహ్రాబేగము పేరుమీద వచ్చినదను కథను హైదరాబాదీలు ముచ్చటగా చెప్పుదురు. 1953లో ఆంధ్రరాష్ట్రమును, 1956లో ఆంధ్రప్రదేశమును ఏర్పడిన పిదప, 'ఏ'తో మొదలై మూడక్షరములును నాలుగంకెలకు మించని సంఖ్యయు గల పలకలు వచ్చినవి.

1988 నాటి శాసనము 1989 జూలై 1న అమలునకు వచ్చుటతో ఏపీ యను రెండక్షరముల ప్రక్కన జిల్లాకొక అంకె చేరెను. ఆ అంకెల వరుసను శ్రద్ధగా చూచినవారికి ఒక వినోదము గోచరించును. ఆదిలాబాదు 1, అనంతపురము 2, చిత్తూరు 3, కడప 4, తూర్పుగోదావరి 5, గుంటూరు 7, హైదరాబాదు 9 మొదలుకొని, కరీంనగరు 15, కృష్ణ 16, విశాఖపట్టణము 31, వరంగల్లు 36, పశ్చిమగోదావరి 37. ఇది గోదావరి నుండి పెన్న వరకు పోవు వరుస కాదు, సముద్రము నుండి పీఠభూమికెక్కు వరుసయును కాదు, ఇంచుమించు ఇంగ్లీషు అక్షరక్రమము. అన్నదమ్ములవంటి రెండు గోదావరి జిల్లాలు, ఒకటి తూర్పనియు మరొకటి పడమరయనియు పేరుపెట్టుకొనిన పాపమునకు, పట్టికకు ఆ కొననొకటి ఈ కొననొకటి పడినవి. కడప నాలుగవదెట్లయ్యెనని ఆశ్చర్యపడువారు దానిని తెల్లవారు 'సి'తో వ్రాసిన సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అయినను జనులు ఆ పట్టికను తిథివారములవలె కంఠస్థము చేసిరి. పెండ్లివారి యింటిముందు నిలిచిన కార్లను చూచియే 'పదహారులు నాలుగు వచ్చినవి, బెజవాడ చుట్టములు దిగినారు' అని చెప్పగల ముత్తైదువలను నేనెరుగుదును. మా తండ్రిగారి ఏడవ నంబరు స్కూటరు కర్నూలు వీథులలో పదేండ్లు తిరిగినది. చిరునామా మారినను, రాష్ట్రమొక్కటే యగుటచే నంబరు మారదు గదా. చౌరస్తాలోని పోలీసు జవాను వారమునకొకసారి ఆపి, 'గుంటూరు బండికి ఇక్కడేం పని సార్?' అని అడుగును. ఆయన డిక్కీలోనుండి పుస్తకము తీసి మూడవ చిరునామా చూపును. ఆ జవాను దానిని వెలుగునకు పట్టి చదివి, నమస్కరించి పంపును. బదిలీయైన ప్రతిసారియు పాలు పొంగించిన మరుసటి వారమే ఆయన బ్రేకాఫీసునకు పోయి చిరునామా వ్రాయించుకొనుట చాదస్తమని మేము నవ్వెడివారము.

రవాణాశాఖ కచేరీని మనవారు బ్రేకాఫీసనియు, అందలి యుద్యోగిని బ్రేకినస్పెక్టరనియు పిలుచుట యెంత సార్థకమో, రాష్ట్రము దాటి ఇల్లు మారినవారికి తెలియును. పాత కచేరీనుండి నిరభ్యంతర పత్రము తెచ్చుకొనవలెను. దానికొరకు బండి చాసిస్‌పై చెక్కిన సంఖ్య మీద పలుచని కాగితము నుంచి, పెన్సిలుతో అడ్డముగా రుద్ది అచ్చు తీయవలెను. చెట్టుక్రింద బల్ల వేసికొనిన ఏజెంటు బురదలో వెల్లకిల పండుకొని, పూర్వము శాసన పరిశోధకులు రాతిశాసనముల నచ్చుతీసినట్లు, ఆ పదియేడక్షరములను తీసి యిచ్చును. ముప్పది దినములలో అధికారి కాదనకున్నచో అవునన్నట్లే యని శాసనము చెప్పుచున్నది. అయినను చేతిలో కాగితము లేని 'అవును'ను కొత్తయూరి కిటికీ యెదుట ఎవరు పరిగణింతురు?

ఇటీవలి దశాబ్దమున బండియు చిరునామాయు మరింత విడిపోయినవి. 2014 జూన్ 2న తెలంగాణ యేర్పడినపుడు ఇల్లు కదలనివారి క్రింద రాష్ట్రమే మారినది. కొత్తబండ్లకు టీఎస్ వచ్చినది, 2024 మార్చి నుండి అది టీజీ యైనది, పాత ఏపీ 9లు మాత్రము హైదరాబాదులో నేటికిని తిరుగుచున్నవి. 2019లో ఆంధ్రప్రదేశమువారు జిల్లా అంకెలను విడిచి రాష్ట్రమంతటికిని 39 అను నొక్కటే సంఖ్యను పెట్టిరి. చుట్టముల నంబరులు చదువు ముత్తైదువల విద్యకు అంతటితో చెల్లుచీటి. 2021లో, తరచు బదిలీయగు కేంద్రోద్యోగులు, సైనికులు మొదలగువారికొరకు 'బీహెచ్' వరుస వచ్చినది. అది సంవత్సరపు అంకెతో మొదలై, యే యూరును చెప్పక దేశమంతయు తిరుగును.

నంబరు ఊరును చెప్పుట మానినకొలది దస్తరములోని చిరునామాయే శరణ్యమైనది. సరిగా ఆ కాలముననే దానిని కొత్తది చేయు సందర్భములును లోపించినవి. కార్లకును స్కూటర్లకును కొన్ననాడే జీవితకాలపు పన్ను, ఆర్.సి.కి పదునైదేండ్ల గడువు. లైసెన్సునకు నిన్నమొన్నటివరకు ఇరువది యేండ్లు గాని, ఏబదియేండ్ల వయస్సు వచ్చువరకు గాని. ఏటేట కిటికీ యెదుట నిలిపి 'ఎక్కడుంటున్నావు?' అని యడుగు గుమాస్తా లేడు. కూడలిలోని కెమెరా ఛాయాచిత్రము తీయును, చలానా పాతయింటికి పోవును, అచ్చట కొత్తగా దిగిన అద్దెవారు దానిని మెట్లమీద పడవేయుదురు. గత సంవత్సరము నాకు జరిగినదిదియే: మూడు చలానాలు పేరుకొనిన తరువాత పాతయింటివారు ఫోను చేసి, 'మీ ఉత్తరాలు తీసుకెళ్లండి బాబూ' అనిరి. చాదస్తమని తండ్రిని చూచి నవ్విన కుమారుని ఆర్.సి. కార్డుపై ఆ పాతయిల్లే నిలిచియున్నది.

చిరునామా మార్పునకు వ్రాయవలసినది ఫారము 33. నింపినది నా బల్లపైననే, ఆయన ఆర్.సి. పుస్తకము క్రింద ఉన్నది. ముప్పది దినముల గడువు దాటి నేటికి పదునొకండు మాసములు.