సెడమ్ ఆక్రే

సెడమ్ ఆక్రే క్రాసులేసి కుటుంబానికి చెందిన చిన్న రసభరితమైన మొక్క. రాతి గోడల సందులలోను, ఇసుక నేలలలోను నేలను అంటిపెట్టుకొని చాప వలె పరచుకుంటుంది. ఆంగ్లంలో దీనిని గోల్డ్‌మాస్ స్టోన్‌క్రాప్ అని, ఆకుల ఘాటైన రుచిని బట్టి వాల్ పెప్పర్ అని పిలుస్తారు. నీటి ఎద్దడిని తట్టుకోవడం దీని ప్రత్యేకత. పెంపకంలో ఇది చనిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది నీటి కొరత కాదు, నీరు నిలవడమే.

పేరు

కరోలస్ లిన్నేయస్ 1753లో వెలువడిన స్పీషీస్ ప్లాంటారమ్ గ్రంథంలో ఈ మొక్కను వర్ణించాడు. లాటిన్ భాషలో ఆక్రే అనగా ఘాటైనది అని అర్థం.

లక్షణాలు

 ఇది సతతహరితమైన బహువార్షిక మొక్క. ఎత్తు 5 నుండి 12 సెంటీమీటర్లు.
 కాండాలు నేలపై ప్రాకుతూ కణుపుల వద్ద వేళ్ళూనుకుంటాయి.
 ఆకులు 3 నుండి 6 మిల్లీమీటర్ల పొడవుతో, దళసరిగా, కాండాన్ని కప్పివేస్తూ దగ్గర దగ్గరగా ఉంటాయి.
 పువ్వులు పసుపుపచ్చగా నక్షత్రాకారంలో ఉంటాయి. ఆకర్షక పత్రాలు 5, కేసరాలు 10. ఐరోపాలో ఎక్కువగా జూన్, జూలై నెలలలో పూస్తాయి.
 విత్తనాలు అతి సూక్ష్మమైనవి. తడిసినప్పుడు కాయలు విచ్చుకొనగా, వాన చినుకుల తాకిడికి విత్తనాలు చెదురుతాయి.

విస్తరణ

ఐరోపా, ఉత్తర ఆఫ్రికా, పశ్చిమ ఆసియా దీని జన్మస్థానాలు. ఉత్తర అమెరికా, న్యూజీలాండ్ దేశాలకు తోటల ద్వారా చేరి అక్కడ స్థిరపడింది. విరిగిన చిన్న ముక్క కూడా వేరు తొడుగుతుంది కనుక న్యూజీలాండ్‌లోని సెంట్రల్ ఒటాగో వంటి పొడి ప్రాంతాలలో స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేసే కలుపుగా మారింది.

నీటి పొదుపు

నీరు సమృద్ధిగా ఉన్నప్పుడు ఈ మొక్క సాధారణ మొక్కల వలెనే పగటిపూట బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తుంది. ఎద్దడి ఏర్పడినప్పుడు పగలు పత్రరంధ్రాలను మూసి, రాత్రివేళ తెరుస్తుంది. అప్పుడు గ్రహించిన వాయువును మాలిక్ ఆమ్లంగా నిలవచేసి, మరునాడు ఎండలో ఆహార తయారీకి వాడుకుంటుంది. అందువలన ఆవిరిగా పోయే నీరు బాగా తగ్గుతుంది. ఈ విధానానికి క్రాసులేసి కుటుంబం పేరే పెట్టారు.

తెలుగువారికి పరిచితమైన రణపాల కూడా ఈ కుటుంబానిదే. రణపాల ఆకు ఉదయం పుల్లగా ఉండి, పొద్దెక్కిన కొద్దీ చప్పబడుతుందని బెంజమిన్ హైనే గమనించాడు. ఆయన సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ వృక్షోద్యానానికి అధికారిగా పనిచేసిన వృక్షశాస్త్రవేత్త. ఆయన పరిశీలన 1815లో లండన్ లిన్నేయన్ సొసైటీ సంపుటంలో ప్రచురితమైంది.

పెంపకం

 నేల: ఇసుక, గులకరాళ్ళు కలిసి నీరు వెంటనే ఇంకిపోయే నేల కావాలి. సున్నపు నేలలలోనూ పెరుగుతుంది. ఎరువు ఎక్కువైతే కాండాలు మెత్తబడి సాగిపోతాయి, పూత తగ్గుతుంది.
 వెలుతురు: చల్లని దేశాలలో రోజంతా ఎండ తగిలే చోటు మేలు.
 నీరు: మట్టి పూర్తిగా ఆరిన తరువాతనే పోయాలి. తడి నిలిస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి.
 ప్రవర్ధనం: 3 నుండి 5 సెంటీమీటర్ల కాండపు ముక్కను కోసి, కోత ఆరేవరకు ఒకటి రెండు రోజులు నీడలో ఉంచి, ఇసుక మట్టిపై అదిమితే చాలు. విత్తనాలను మట్టిపై చల్లాలి గాని కప్పరాదు.

చలిని ఇది బాగా తట్టుకుంటుంది. తెలుగునాట మైదానాలలోని వేసవి వేడి, వానకాలపు తేమ దీనికి అనుకూలం కావు. ఇక్కడ పెంచదలచినవారు అడుగున రంధ్రమున్న లోతు తక్కువ కుండీలో నాటి, వాన తగలని గాలి, వెలుతురు గల చోట ఉంచి, వేసవి మధ్యాహ్నపు ఎండ నుండి కాపాడాలి.

ఉపయోగాలు, జాగ్రత్తలు

రాతి తోటలలోను, పలుచని మట్టి పొర వేసిన పచ్చని పైకప్పులపైను సెడమ్ జాతులను పెంచుతారు. ఐరోపాలో దీనిని పూర్వం నాటువైద్యంలో వాడేవారు. అయితే దీనిలో సెడమీన్ వంటి ఆల్కలాయిడ్లు ఉన్నాయి. తింటే నోటిలో మంట, వాంతులు కలుగవచ్చు. రసం చర్మాన్ని బాధించవచ్చు. కావున దీనిని రణపాల వలె ఇంటి వైద్యానికి వాడరాదు. కత్తిరించిన ముక్కలను బయలు ప్రదేశాలలో పారవేయరాదు.

ఇవి కూడా చూడండి

 రణపాల
 కిరణజన్య సంయోగక్రియ