నారు ఒకరిది, పంట ఒకరిది: ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో ఊరి క్లబ్బుల కథ

పోస్టు కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ఈసారి ఆస్ట్రేలియా దాకా పోదాం. మనవాళ్ల పిల్లలు చాలామంది మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. సెప్టెంబరు నెలాఖరుకి ఆ నగరం ఎట్లా ఊగిపోతుందో వాళ్లనడగండి, చెప్తారు. క్రికెట్‌కి కాదు, వాళ్ల సొంత ఫుట్‌బాల్‌కి. 1970లో ఫైనల్ చూడ్డానికి మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండుకి 1,21,696 మంది వచ్చారు.

అంతమంది చూసే ఆటగాళ్లు ఎక్కడ తయారవుతారు? వాళ్లలో చాలామంది గోధుమలు, గొర్రెలు, పాడి మీద బతికే చిన్న ఊళ్ల నుంచి వస్తారు. ఆ ఊళ్ల క్లబ్బులు వందేళ్లకు పైగా పిల్లల్ని పెంచి పట్నానికి పంపుతున్నాయి. పంపినందుకు వాటికి ఏం మిగిలిందన్నదే ఈరోజు మాట. నారు పోసింది ఒకరైతే కోసుకుంది ఇంకొకరన్న లెక్క రైతుకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. ఇది మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. జట్టుకి 18 మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. విసరకూడదు గానీ, ఒక చేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టి పక్కవాడికి అందించొచ్చు. రెండు కొసల్లోనూ నాలుగేసి స్తంభాలుంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే 6 పాయింట్లు, పక్కవాటి నడుమ పోతే 1. గ్రౌండు కోలగా ఉంటుంది, ఎందుకంటే అది క్రికెట్ గ్రౌండే. 1858లో టామ్ విల్స్ అనే క్రికెటర్ ఒక పత్రికకి ఉత్తరం రాశాడు, చలికాలంలో క్రికెటర్లు ఒళ్లు పెంచకుండా ఉండాలంటే ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకోవాలని. మరుసటేడు 1859 మే నెలలో మెల్‌బోర్న్ క్లబ్బువాళ్లు కూర్చుని నియమాలు రాసుకున్నారు. 1897లో ఎనిమిది క్లబ్బులతో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్, అంటే వీఎఫ్ఎల్, ఆట మొదలుపెట్టింది. ఇప్పటి పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్ దాని కొనసాగింపే.

పట్నంలో ఇది జరుగుతుంటే పల్లెల్లో కూడా ఊరికొక గ్రౌండు, ఊరికొక క్లబ్బు వచ్చాయి. క్లబ్బంటే పదిమంది కుర్రాళ్ల జట్టు అనుకోకండి. శనివారం పొద్దున్నే చిన్నపిల్లల ఆట, తర్వాత కొంచెం పెద్దవాళ్లది, తర్వాత రిజర్వు జట్టు, చివరికి సీనియర్లు. అదే ఆవరణలో పక్క కోర్టులో ఆడవాళ్ల నెట్‌బాల్. అందుకే చాలా క్లబ్బుల పేరే ఫుట్‌బాల్ నెట్‌బాల్ క్లబ్బు. గ్రౌండు చుట్టూ కార్లు నిలబెట్టుకుని లోపల కూర్చునే ఆట చూస్తారు, గోల్ పడితే హారన్లు మోగిస్తారు. క్యాంటీను నడిపేది, గడ్డి కోసేది, గీతలు గీసేది అంతా ఊరివాళ్లే. వారమంతా మైళ్ల దూరంలో ఎవరి పొలంలో వాళ్లుండే రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆ శనివారమే.

ఆ రోజుల్లో పట్నానికీ పల్లెకీ మధ్య దారి రెండువైపులా నడిచేది. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ముక్కలోనే ఉంది, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

1930లో వీఎఫ్ఎల్ ఒక నియమం పెట్టింది. దాన్ని కౌల్టర్ చట్టం అంటారు. మ్యాచ్‌కి 3 పౌండ్లకి మించి ఆటగాడికి ఇవ్వకూడదు. డబ్బున్న క్లబ్బు మంచివాళ్లందర్నీ కొనేయకుండా వేసిన కట్ట అది. తర్వాత ఆ మొత్తం పెంచారు గానీ కట్ట మాత్రం ఏళ్ల తరబడి ఉంది. చిత్రమేమిటంటే, పల్లె లీగులకి ఆ కట్ట లేదు. దాంతో ఉన్నికి, గోధుమకి మంచి ధర ఉన్న కాలంలో పల్లె క్లబ్బే పట్నం క్లబ్బుకంటే ఎక్కువ ఇవ్వగలిగేది!

బాబ్ రోజ్ సంగతి చూడండి. న్యా వెస్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. మెల్‌బోర్న్‌లోని కాలింగ్‌వుడ్ క్లబ్బుకి 1946 నుంచి 1955 దాకా 152 మ్యాచ్‌లు ఆడాడు. నాలుగుసార్లు ఆ క్లబ్బు ఉత్తమ ఆటగాడు. అలాంటివాడు 27 ఏళ్ల వయసులో, ఇంకా ఒంట్లో సత్తా ఉండగానే, మెల్‌బోర్న్‌కి సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని వాంగరట్టా రోవర్స్‌కి ఆటగాడిగా, కోచ్‌గా వెళ్లిపోయాడు. 1958లో, 1960లో ఆ జట్టుని విజేతని చేశాడు. అతనితోపాటే ఆడిన డెస్ హీలీ కూడా అప్పుడే వొడోంగాకి కోచ్‌గా పోయాడు. ఇక ఆలోచించండి. ఆ ఊరి పదిహేనేళ్ల పిల్లాడు దేశంలో పేరున్న ఆటగాడి పక్కనే నిలబడి బంతి తన్నడం నేర్చుకున్నాడు, అదీ సొంత ఊళ్లోనే.

పడమటి తీరాన పెర్త్‌లోనూ ఇదే కథ. పాలీ ఫార్మర్ అని గొప్ప ఆటగాడు. పేరులోనే రైతున్నాడు! నూంగార్ ఆదివాసీ, అనాథల ఆశ్రమంలో పెరిగినవాడు. పిడికిలితో బంతి అందించడాన్ని గెలుపు ఆయుధంగా మార్చింది అతనే అంటారు. 1962లో పెర్త్ వదిలి విక్టోరియాలోని జీలాంగ్‌కి వెళ్లాడు. 1968లో తిరిగొచ్చి వెస్ట్ పెర్త్‌కి కెప్టెన్, కోచ్ అయి 1969, 1971లలో ఆ జట్టుని గెలిపించాడు. వెళ్లినవాడు ఉత్తచేతుల్తో రాలేదు, నేర్చుకున్నదంతా మోసుకొచ్చాడు.

ఇంకో సంగతి. అప్పట్లో ఆటగాడు క్లబ్బు మారాలంటే పాత క్లబ్బు 'క్లియరెన్స్' అని కాగితం ఇవ్వాలి. ఇవ్వకపోతే కదలడానికి లేదు. ఆ కాగితం చేతిలో ఉంది కాబట్టి చిన్న క్లబ్బుకి బేరమాడే బలం ఉండేది. ఇది ఆటగాడి స్వేచ్ఛకి అడ్డమే, అందులో అన్యాయం లేదని అనను. కానీ పెంచినవాడిని అడక్కుండా ఎవరూ తీసుకుపోయేవాళ్లు కాదు.

1960ల చివర్లో ఇంకో మార్పు. విక్టోరియా పల్లెల్ని జోన్లుగా చేసి 12 వీఎఫ్ఎల్ క్లబ్బులకి పంచేశారు. బెండిగో వైపు కుర్రాళ్లు కార్ల్‌టన్‌కి, మార్నింగ్టన్ ద్వీపకల్పం వైపువాళ్లు హాథార్న్‌కి, ఇట్లా. మాగాణి ఒకరికి, చవుడు ఒకరికి పడ్డట్టే అయింది. 1967 నుంచి 1983 దాకా 17 ఏళ్లు రిచ్‌మండ్, కార్ల్‌టన్, హాథార్న్, నార్త్ మెల్‌బోర్న్, ఈ నాలుగు క్లబ్బులే కప్పు పంచుకున్నాయి. దానికి జోన్లొక్కటే కారణం కాదు, డబ్బూ ఉంది, మంచి కోచ్‌లూ ఉన్నారు. కానీ మంచి నేల దొరికినవాడికి మంచి పంట వచ్చిందన్నది మాత్రం నిజం. ఈ పద్ధతిలో ఒక మేలు కూడా ఉంది. పట్నం క్లబ్బుకి తన జోన్ మీద శ్రద్ధ ఉండేది, ఎందుకంటే రేపటి ఆటగాడు అక్కణ్నుంచే రావాలి.

1980ల్లో అంతా తిరగబడింది. 1982లో సౌత్ మెల్‌బోర్న్ క్లబ్బు సిడ్నీకి తరలిపోయింది. 1987లో పెర్త్ నుంచి, బ్రిస్బేన్ నుంచి కొత్త క్లబ్బులు చేరాయి. 1990లో పేరు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ అయింది. ఇప్పుడు 18 క్లబ్బులు. వాటి మధ్య సమానత్వం కోసం 1986లో మొదటి 'డ్రాఫ్ట్' పెట్టారు. అంటే దేశంలోని కుర్రాళ్లందరి పేర్లూ ఒక్కచోట చేర్చి, చివర్లో నిలిచిన క్లబ్బుకి ముందుగా ఎంచుకునే అవకాశం ఇవ్వడం. పెద్ద క్లబ్బుల మధ్య న్యాయం జరిగింది, కాదనను. కానీ ఇప్పుడు పెద్ద క్లబ్బులకి ఫలానా ఊరు మాది అనే వెనకటి బంధం చాలావరకు లేదు. ఆ ఊరి కుర్రాడు ఏ మూలకి పోతాడో చాలాసార్లు డ్రాఫ్ట్ రోజుదాకా తెలియదు.

డ్రాఫ్ట్ వచ్చాక పిల్లల్ని ఒక్కచోట చూసే అవసరం పడింది. 1992లో విక్టోరియాలో 18 ఏళ్లలోపు వాళ్లకి ప్రాంతీయ జట్ల పోటీ మొదలైంది. దాన్ని చాలాకాలం టీఏసీ కప్ అన్నారు, ఇప్పుడు టాలెంట్ లీగ్ అంటున్నారు. బెండిగో పయనీర్స్, ముర్రే బుష్‌రేంజర్స్, గిప్స్‌లాండ్ పవర్, ఇవన్నీ అట్లాంటి జట్లే. బెండిగో జట్టు పరిధి ఉత్తరాన మిల్డూరా దాకా ఉంటుంది. ఆ రెండు ఊళ్ల మధ్య 400 కిలోమీటర్లు. పిల్లాడు ఎంపికైతే ఇంట్లో అమ్మో నాన్నో కారు తీయాల్సిందే.

ఇక్కడ ఊరి క్లబ్బు లెక్క చూద్దాం. ఎంపికైన పిల్లాడు వాళ్ల ఊళ్లో అందరికంటే బాగా ఆడేవాడు. ప్రాంతీయ జట్టుకి మ్యాచ్ ఉన్న వారం ఊరి జట్టుకి ఆడడు. ఊరి జట్టు బలం తగ్గడమే కాదు, మిగతా పిల్లలకి పక్కన చూసి నేర్చుకునేవాడు లేడు. వెనకటి రోజుల్లో పదిహేడేళ్లవాడు శనివారం మధ్యాహ్నం తండ్రి వయసువాళ్లతో కలిసి సీనియర్ జట్టులో దెబ్బలు తింటూ రాటుదేలేవాడు. ఇప్పుడు అదే వయసువాళ్ల మధ్యే తిరుగుతున్నాడు. కారు తోలే తండ్రి కూడా ఊరి గ్రౌండు దగ్గర ఉండడు. గీతలు గీసే మనిషీ తగ్గాడు, క్యాంటీనులో నిలబడే మనిషీ తగ్గాడు. ఇంకా బాగా ఆడేవాడైతే మెల్‌బోర్న్, జీలాంగ్‌లలోని పెద్ద ప్రైవేటు బడులు స్కాలర్‌షిప్ ఇచ్చి హాస్టల్లో పెట్టుకుంటాయి. ఇక శనివారం అతను ఆడేది ఆ బడి తరఫునే.

ఇంతా చేసి ఎంతమంది పైకి పోతారు? ఏడాదికి దేశం మొత్తం మీద జాతీయ డ్రాఫ్ట్‌లో తీసుకునేది సుమారు 60, 70 మందిని. ఒక్క విక్టోరియాలోనే 12 ప్రాంతీయ జట్లున్నాయి, ఒక్కోదాంట్లో పదుల సంఖ్యలో పిల్లలు. అంటే మడి మొత్తం పీకుతున్నారు, నాటేది మాత్రం గుప్పెడు. మిగిలిన నారు గట్టు మీద ఉంటుంది. ఆ మిగిలినవాళ్లు కొందరు ఊరికి తిరిగొస్తారు. కొందరు చదువు పేరుతో, పని పేరుతో పట్నంలోనే ఆగిపోయి అక్కడి క్లబ్బులకి ఆడతారు. పద్దెనిమిదేళ్లకే ఎవరూ ఎంచుకోలేదన్న బాధతో ఆటే మానేసేవాళ్లూ ఉంటారు.

పైకెళ్లినవాళ్లు కూడా బాబ్ రోజ్ లాగా 27 ఏళ్లకి తిరిగి రారు. ఏఎఫ్ఎల్‌లో ఏడాదికి లక్షల డాలర్ల జీతం. ఏ ఊరి క్లబ్బు అంత ఇవ్వగలదు? ఆడి ఆడి మోకాళ్లు అరిగాకే వదులుతారు. కౌల్టర్ చట్టం కాలంలో డబ్బు పల్లె వైపు లాగేది, ఇప్పుడు పట్నం వైపు లాగుతోంది. పైకి వెళ్లే దారి ఎప్పుడూ ఉంది. తిరిగొచ్చే దారే సన్నబడింది. పల్లె క్లబ్బుకి తగిలిన అసలు దెబ్బ అదీ.

అయితే నేరమంతా ఈ డ్రాఫ్ట్ మీదే వేస్తే న్యాయం కాదు. వాయవ్య విక్టోరియాలో మాలీ అనే ప్రాంతం ఉంది. ఏడాదికి సుమారు 350 మిల్లీమీటర్ల వానతో గోధుమ, బార్లీ పండిస్తారు. యంత్రాలు పెద్దవయ్యాయి, కమతాలు పెద్దవయ్యాయి, కుటుంబాలు తగ్గాయి. పదిళ్లున్నచోట రెండిళ్లు మిగిలితే జట్టుకి 18 మందిని ఎక్కణ్నుంచి తెస్తారు? క్లబ్బుల పేర్లు చదివితేనే చరిత్ర తెలుస్తుంది: బర్చిప్-వాచెమ్, వైచీప్రూఫ్-నారాపోర్ట్, సీ లేక్-నాండాలీ, జెపారిట్-రెయిన్‌బో. ఒక్కో అడ్డగీతా ఒక పెళ్లి లాంటిది, కొన్నిచోట్ల ఒక చావు లాంటిది. మాలీ ఫుట్‌బాల్ లీగ్ అయితే 2015 తర్వాత లేనే లేదు. అంటే నేల ముందే ఎండుతోంది. ఎండుతున్న మడిలోంచి ఒక్క నారుమొక్క పీకినా ఖాళీ కనపడుతుంది. అదే తేడా.

మనుషులు చాలక క్లబ్బులు ఏం చేశాయంటే, పట్నం నుంచి ఆటగాళ్లకి మ్యాచ్‌కింత అని ఇచ్చి రప్పించుకోవడం మొదలుపెట్టాయి. శనివారం పొద్దున కారులో వస్తారు, ఆడతారు, డబ్బు తీసుకుని సాయంత్రానికి వెళ్లిపోతారు. క్యాంటీనులో అమ్మిన ప్రతి టీ డబ్బూ అటే పోతుంది. దీన్ని ఆపడానికి విక్టోరియాలో 2016లో పాయింట్ల పద్ధతి తెచ్చారు, ఆ వెంటనే జీతాలకీ పరిమితి పెట్టారు. సొంత క్లబ్బులో పెరిగినవాడికి 1 పాయింటు, పెద్ద స్థాయిలో ఆడి వచ్చినవాడికి ఎక్కువ. జట్టు మొత్తం ఒక అంకె దాటకూడదు. నా దృష్టిలో మంచి ఆలోచన. ఊరి పిల్లాణ్ని పెంచుకున్న క్లబ్బుకి లాభం, కొనుక్కునే క్లబ్బుకి ఇబ్బంది. ఎన్నో ఏళ్ల తర్వాత నారు పోసినవాడి వైపు చూసిన నియమం ఇది.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. 2017లో మహిళల ఏఎఫ్ఎల్ మొదలైంది. అంతకుముందు పల్లె అమ్మాయి కాస్త పెద్దదైతే చాలాచోట్ల ఫుట్‌బాల్ వదిలి నెట్‌బాల్‌కి పోవాల్సిందే. ఇప్పుడు వాళ్లకీ ఫుట్‌బాల్లో పైదాకా దారి ఉంది, సంతోషం. కానీ ఊరి నెట్‌బాల్ జట్టుకీ ఆ అమ్మాయే కావాలి. అబ్బాయిల విషయంలో పడిన ఇబ్బందే అమ్మాయిల విషయంలోనూ రాకుండా ఇప్పుడే చూసుకుంటే మంచిది.

పిల్లల్ని ఆపమని ఎవరూ అనరు. రెక్కలొచ్చిన పిల్లని గూట్లో కట్టేసే తల్లి ఉండదు. కాకపోతే పెద్ద లీగ్ తన లెక్కలో ఒక వరుస కలుపుకోవాలి. ఏ ఊరి నుంచి ఎంతమందిని తీసుకున్నామన్నది ఇప్పటికే రాసుకుంటారు. వాళ్లలో ఎంతమంది మళ్లీ ఆ ఊరి గ్రౌండులో అడుగుపెట్టారు, కోచ్‌గానో, అంపైరుగానో, కనీసం చిన్నపిల్లలకి బంతి అందించేవాడిగానో, అదీ రాసుకోవాలి. విత్తనానికి కొంత పక్కన పెట్టకుండా గాదె మొత్తం అమ్ముకున్న ఇంట్లో మరుసటేడు ఏం జరుగుతుందో మనకి తెలుసు. అంత పెద్ద లీగ్‌కి తెలియకుండా ఉంటుందా?

మెల్‌బోర్న్‌లో మీ పిల్లలుంటే ఒక శనివారం నగరం దాటి ఏదైనా ఊరి ఆట చూసి రమ్మనండి. క్యాంటీనులో ఎవరున్నారు, గీతలు ఎవరు గీశారు, సీనియర్ జట్టులో ఊరివాళ్లు ఎంతమంది అని అడిగి తెలుసుకోమనండి. వాళ్లు చెప్పింది నాకూ రాయండి.