నల్ల ఉన్ని కట్టిన ఊరు

మా తాత నేసిన గొంగడి ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. వానకు తడిస్తే గొర్ల మంద వాసన వస్తుంది. ఇటలీలోని శాంతో స్తెఫానో ది సెస్సానియోకు పోయినప్పుడు దాన్నే భుజాన వేసుకున్నాను. రోములో చదువుకుంటున్న మా తమ్ముని బిడ్డ నన్ను అక్కడికి పిలిచింది. "అది మన కురుమోళ్ల ఊరు లెక్కనే ఉంటది పెద్దబాపూ, నువ్వు చూడాలె" అంది.

ఆ ఊరు అబ్రూజ్జో ప్రాంతంలో, గ్రాన్ సాస్సో పర్వతాల కింద, 1,251 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో కూడా గాలి చెవులు కోసింది. దూరం నుంచి చూస్తే కోట అనిపిస్తుంది, దగ్గరికి పోతే వేరే కోటగోడ కనిపించదు. అంచున ఒకదానికొకటి ఆనించి కట్టిన ఇళ్ల వెనుక గోడలే ఊరికి గోడ. లోపల అన్నీ సున్నపురాయి మెట్లు, ఇళ్ల కింద నుంచి దూరిపోయే చీకటి సందులు. మంచు పడ్డ రోజుల్లో ఆ సందుల్లో నడిస్తే తల తడవదు.

ఊరి ద్వారం మీద గుండ్లు చెక్కిన డాలు ఉంది. అది ఫ్లోరెన్సును ఏలిన మెదిచీ వంశం గుర్తు. బొత్తిచెల్లికీ మికెలాంజెలోకూ పని ఇచ్చిన వంశానికి ఎక్కడో నేపుల్స్ రాజ్యంలోని ఈ రాళ్ల కొండ ఎందుకు కావలసివచ్చింది? ద్వారం కింద నిలబడి నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.

ఉన్ని కోసం. 1579లో ఫ్రాంచెస్కో ది మెదిచీ పిక్కొలొమిని వంశం నుంచి ఈ ఊరితో పాటు చుట్టుపక్కల పల్లెలనూ కొన్నాడు. 1743 దాకా అవి మెదిచీల చేతిలోనే ఉన్నాయి. ఇక్కడి ఉన్నిలో ఒక రకం పేరు కార్ఫాన్యా. నల్లది, ముతకది, రంగు వేసే పని లేనిది. సన్యాసుల అంగీలకూ సైనికుల దుస్తులకూ అదే పోయేది. ఆ మాట విన్నప్పుడు నా చెయ్యి దానంతటదే భుజం మీది గొంగడిని తడిమింది. మా దక్కనీ గొర్రె ఉన్ని కూడా నల్లదే, ముతకదే, రంగు అక్కరలేనిదే.

ఊరికి పైన కాంపో ఇంపెరాతోరె అనే మైదానం ఉంది. దాదాపు 1,800 మీటర్ల ఎత్తున, 27 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న గడ్డి. వేసవిలో గొర్రెలకు అంతకన్నా మంచి మేత ఉండదు. చలికాలంలో అదంతా మంచు కింద పోతుంది. అందుకే శరదృతువు రాగానే కాపర్లు మందలను తోలుకొని దక్షిణాన ఫోజ్జా చుట్టూ ఉన్న మైదానానికి దిగేవాళ్లు, ఎండలు ముదిరేవేళకు తిరిగి కొండెక్కేవాళ్లు. లాక్విలా నగరం నుంచి ఫోజ్జాకు మంద బాట 244 కిలోమీటర్లు. దాని వెడల్పు 111 మీటర్లు. మన జాతీయ రహదారులు కూడా అంత వెడల్పుండవు. దాన్ని దున్నడానికి గానీ ఆక్రమించడానికి గానీ ఎవరికీ హక్కు లేదు.

1447లో అరగాన్ రాజు అల్ఫోన్సో దీనికంతటికీ ఒక సుంకం శాఖ పెట్టాడు. తలకింత అని గొర్రెలకు పన్ను కట్టాలి. కట్టినవాడికి చలికాలం మేత భూమి, దారిలో రక్షణ, తగాదా వస్తే కాపర్లకంటూ వేరే న్యాయస్థానం. లక్షల గొర్రెలు ఆ లెక్కల్లోకి ఎక్కాయి, నేపుల్స్ ఖజానాకు పెద్ద రాబడుల్లో అదొకటయింది. రాజు దయతో చేశాడని నేననను, డబ్బుకే చేశాడు. కానీ కాపరి నడక మీద రాజ్యం బతుకుతోందని కాగితం మీద ఒప్పుకున్నాడు. మా తాతముత్తాతలు కృష్ణ ఒడ్డు పొలాల్లో మంద పెట్టి, ఎరువుకు బదులు గింజలు తెచ్చుకున్నారు. ఆ నేల ఎంత పండిందో ఏ లెక్కల్లోనూ రాయలేదు. ఈ బాధ నాకు ఎప్పుడూ ఉంది, అక్కడ ఇంకా ఎక్కువైంది.

ఆ శాఖను 1806లో రద్దు చేశారు. ఇటలీ ఏకమయ్యాక 1865 చట్టంతో ఫోజ్జా మైదానం సొంతదారుల చేతికి పోయింది, గడ్డి ఉన్నచోట గోధుమ మొలిచింది. చలికాలం మేత లేకపోతే వేసవి మేత ఎందుకు? మంద తగ్గింది, మగ్గం ఆగింది, పడుచువాళ్లు సముద్రాలు దాటారు. ఒకప్పుడు వెయ్యికి పైగా జనం ఉన్న ఊళ్లో ఇప్పుడు నూరు దాటి కొద్దిమందే ఉంటున్నారు.

2009 ఏప్రిల్ 6 తెల్లవారుజామున లాక్విలాలో వచ్చిన భూకంపానికి ఊరి నడుమ ఉన్న గుండ్రటి బురుజు కూలిపోయింది. కొన్నేళ్లు ఇనుప గొట్టాలతో బురుజు ఆకారం నిలబెట్టి ఉంచారు, తర్వాత రాతితో తిరిగి కట్టారు. అంతకు ముందే పాడుబడ్డ ఇళ్లను కొని, గోడల మసి కూడా చెరపకుండా బస గదులుగా మార్చారు. ఆ పడకల మీద చేనేత ఉన్ని దుప్పట్లు పరుస్తారు. అక్కడి చిరు మసూర్ పప్పుకు ఇప్పుడు దేశమంతా పేరుంది. 2019లో యునెస్కో మందల వలసను మానవాళి వారసత్వంగా గుర్తించింది. బతికున్నది కొంతే, కానీ దాని విలువ వాళ్లకు తెలుసు.

మా నాయనమ్మ ఏటా రెండుసార్లు కోసిన ఉన్నిని ఏకి వడికేది. తాత నూలుకు చింతగింజల గంజి పట్టించి, గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకొని నేసేవాడు. మా దేవుడు బీరప్ప పండుగలో మొదట పరిచేది గొంగడే. ఇప్పుడు మా ఊళ్లో ఆ గుంత పూడిపోయింది. మాంసం ఎక్కువొస్తుందని నెల్లూరు పొట్టేళ్లను తెచ్చి మందల్లో కలిపారు. ఆ జాతికి ఉన్ని ఉండదు. రెండు మూడు ఈతలు గడిచేసరికి మందలో నల్ల బొచ్చు మాయమైంది. కాపరిని నేను తప్పుపట్టను, ఉన్నిని కొనేవాడు లేడు, కోత కూలి కూడా రావడం లేదు.

తిరిగొచ్చే రోజు ద్వారం దగ్గర ఒక ముసలి కాపరి నా గొంగడి అంచు పట్టుకొని చూశాడు. వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, తలూపాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు.

మీ ఊళ్లో ఇంకా ఎక్కడైనా నల్ల దక్కనీ మంద ఉంటే, అందులో ఒక మంచి పొట్టేలునైనా కోతకు అమ్మకుండా ఉంచమని దాని కాపరికి చెప్పండి. ఒక గొంగడి అడిగి, ధర బేరమాడకుండా కొనండి.