బోర్డు బడి: పల్నాడు ఉన్నత పాఠశాలల చరిత్రపై ఒక పునర్విచారణ

పల్నాడు చదువుల చరిత్ర రాసేవారు చాలామంది హయ్యర్‌ దొరతో మొదలుపెడతారు. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు చేరడం, 1849లో గురజాలకు మకాం మార్చడం చెప్పి, అక్కణ్ణుంచి నేటి జెడ్పీ హైస్కూలు దాకా అన్నిటినీ ఒకే దారానికి గుచ్చేస్తారు. ఆ దారం ఎక్కడ తెగుతుందో చూపడమే ఈ వ్యాసం పని.

మిషన్ రాకముందు ఇది బడి ఎరుగని నేల అన్నది ఈ వాదానికి మొదటి ఊతం. కానీ 1822లో మద్రాసు గవర్నరు మన్రో అడగగా కలెక్టర్లు పంపిన లెక్కల్లో గుంటూరు జిల్లాకు 574 బడులు, 7,724 మంది విద్యార్థులు ఉన్నారు. ధరంపాల్ 1983లో ఆ లెక్కలను పుస్తకంగా అచ్చువేశాక కూడా వాటిని తడమకుండా దాటిపోవడం పరిశోధన అనిపించుకోదు. వీధిబడి హైస్కూలు కాదు, నిజమే. కానీ పంతులును పోషించుకోవడం తన బాధ్యత అనుకున్న ఊరే తరవాత బోర్డు బడినీ తనదిగా చేసుకుంది.

రెండో పొరపాటు కాగితాలు వెతికే చోటులో ఉంది. 1859 నుంచి 1904 దాకా పల్నాడు కృష్ణా జిల్లాలో భాగం. 1884 స్థానిక బోర్డుల చట్టం వచ్చిన రోజుల్లో ఇక్కడి కాగితాలు నడిచింది మచిలీపట్నానికి. గుంటూరు దస్త్రాలు, మిషన్ నివేదికలు మాత్రమే తిరగేస్తే బోర్డు పాత్ర కనబడకపోవడంలో వింత లేదు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం జనం నోట ఉంది. జెడ్పీ హైస్కూలును పెద్దవాళ్లు నేటికీ ‘బోర్డు స్కూలు’ అంటారు. పదో తరగతి అనరు, ‘ఎస్సెస్సెల్సీ’ అంటారు. ఇంకా పాతవాళ్లయితే ‘సిక్స్తు ఫారం’ అంటారు. గేటు మీది ‘జిల్లా పరిషత్’ అన్న పేరు 1959 నవంబరు 1 తరవాతిది. అంతకుముందు ఆ బడులను నడిపింది జిల్లా బోర్డు. నరసరావుపేటలో 1915లో పురపాలక సంఘం ఏర్పడ్డాక ‘మునిసిపల్ హైస్కూలు’ అన్న మాటా ఈ కోవలోనే చేరింది. బోర్డు, మునిసిపాలిటీ, పరిషత్తు మూడూ స్థానిక స్వపరిపాలన మాటలే; వీటిలో మిషన్ మాట ఒక్కటీ లేదు. బడి ఎవరిదో ఊరు మరిచిపోలేదు, చరిత్రకారులు మరిచారు.

కవి గుర్రం జాషువ జీవితాన్ని కూడా ఈ వెలుగులోనే చదవాలి. 1895లో వినుకొండలో పుట్టిన ఆయన గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పనిచేసి, 1928 నుంచి 1942 వరకు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్నారు. ఆయన కావ్యం ‘గబ్బిలం’ 1941లో వెలువడింది. మిషన్ ఆయనకు తొలి కొలువు ఇచ్చి ఉండవచ్చు; గబ్బిలాన్ని ఎగరేసిన చెయ్యి మాత్రం హైస్కూలు తెలుగు పండితుడిది. పల్నాడుకు కొత్త గొంతు హైస్కూలు తరగతి గదిలోనే వచ్చిందని నేను నమ్ముతున్నాను.

దళితుల పిల్లలకు చాలాచోట్ల మొదట తలుపు తెరిచింది మిషన్ బడే అన్న సంగతి కాదనలేనిది.

అయినా ఉన్నత పాఠశాలకు కాలరేఖ గీయాల్సింది 1849 నుంచి కాదు; 1884, 1915, 1959ల మీదుగా. పన్ను కట్టి, ఓటు వేసి, తమ పిల్లల బడిని తామే నడుపుకోవడం నేర్చిన నేల ఇది. పల్నాడులో ప్రజాస్వామ్యం బడిగంటతోనే మొదలైంది.

నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న పల్నాడు సొంత జిల్లా అయింది. బడులను బాగుచేసే ‘నాడు–నేడు’ పథకం పనులతో బడిగోడలకు కొత్త రంగులు వచ్చాయి. పాత గది కూల్చే ముందు ప్రధానోపాధ్యాయులు అక్కడి బీరువా ఒకసారి తెరిచి చూడాలి. అడ్మిషన్ రిజిస్టర్లు, హాజరు పట్టీలు, తనిఖీ పుస్తకాలు దొరికితే తూకానికి వేయకుండా జిల్లా గ్రంథాలయానికి చేర్చాలి. పల్నాడు చదువుల అసలు చరిత్ర ఆ బీరువాల్లోనే ఉంది.