సంకేతానికి అందని వ్యాధి: ఉద్దానం మూత్రపిండవ్యాధి, చికిత్సాసంకేతాల చరిత్ర

వ్యాససంగ్రహం

మూత్ర, పునరుత్పత్తి వ్యవస్థలకు చేసే చికిత్సలను సంఖ్యలుగా నమోదు చేసే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడింది. ఆ సంఖ్యల ఆధారంగానే నేడు ఆసుపత్రులకు చెల్లింపులు, ప్రభుత్వ గణాంకాలు రూపొందుతున్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండవ్యాధికి చేసే చికిత్సలన్నిటికీ సంకేతాలున్నాయి. ఆ వ్యాధికి మాత్రం ప్రత్యేక సంకేతం లేదు. ఈ వ్యత్యాసం ఎలా ఏర్పడిందో, దానివల్ల ఉద్దానం చరిత్రలో ఏ భాగం నమోదు కాకుండా పోతున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉద్దానం, టెక్కలి, పలాస, డయాలసిస్, ఆరోగ్యశ్రీ, వ్యాధివర్గీకరణ, చికిత్సాసంకేతం.

1. ఉపోద్ఘాతం

మహేంద్రగిరికీ బంగాళాఖాతానికీ మధ్య కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన నేల ఉద్దానం. ‘ఉద్యానవనం’ అనే మాట నుంచి ఈ పేరు వచ్చిందని స్థానికుల వాడుక. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలను ఈ పేరుతో వ్యవహరిస్తారు. 2022లో పలాస రెవెన్యూ డివిజన్ ఏర్పడేవరకు ఈ మండలాలన్నీ టెక్కలి డివిజన్‌లో ఉండేవి. అందువల్ల ఈ ప్రాంతపు పాత పరిపాలనాపత్రాలను చదివేవారికి టెక్కలి పేరే ముందు ఎదురవుతుంది.

మధుమేహం, అధిక రక్తపోటు వంటి సాధారణ కారణాలు లేకుండానే మూత్రపిండాలు క్రమంగా దెబ్బతినడం ఇక్కడి వ్యాధి లక్షణం. తోటలలో, పొలాలలో శ్రమించేవారు ఎక్కువగా దీని బారిన పడుతున్నారు. తొలిదశలలో బయటికి కనిపించే బాధ ఉండదు. కాళ్లవాపు, ఆయాసం మొదలయ్యేసరికి మూత్రపిండాల శక్తి చాలావరకు తరిగిపోయి ఉంటుంది. ఇటీవలి సర్వేలలో ఈ ప్రాంతపు వయోజనులలో సుమారు అయిదింట ఒక వంతు మందికి దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి లక్షణాలు కనిపించాయి. తాగునీటిలోని ఖనిజాలు, పురుగుమందులు, ఎండలో శ్రమ, శరీరంలో నీరు తగ్గిపోవడం వంటి అనుమానాలు ఎన్ని ఉన్నా, ఏ ఒక్కటీ కారణమని నిరూపితం కాలేదు.

కారణం తెలియకపోవడం వైద్యశాస్త్రపు సమస్య. కారణం తెలియని వ్యాధిని ఏ గడిలో రాయాలన్నది వర్గీకరణ సమస్య. మొదటిదానిపై చర్చ విస్తృతంగా జరిగింది. రెండవదానిని చరిత్రదృష్టితో చూడవలసి ఉంది.

2. వర్ణన నుంచి సంఖ్యకు

వ్యాధులను లెక్కపెట్టి వర్గీకరించడం మన వైద్యసంప్రదాయానికి కొత్త కాదు. ఆయుర్వేదం ప్రమేహాలను ఇరవైగా పరిగణించింది. సుశ్రుతసంహిత అశ్మరులను, అంటే మూత్రాశయంలో ఏర్పడే రాళ్లను, నాలుగు విధాలుగా విభజించి, వాటిని శస్త్రంతో తొలగించే పద్ధతినీ వివరించింది. ఆ సంప్రదాయంలో వ్యాధి, దాని కారణం, దాని చికిత్స ఒకే గ్రంథంలో ఒకదానికొకటి అనుబంధంగా ఉంటాయి. కారణం చెప్పకుండా చికిత్సను మాత్రమే లెక్కించే అవసరం ఆ గ్రంథకర్తలకు రాలేదు.

ఆధునిక వర్గీకరణ మరణాల లెక్కతో మొదలైంది. ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టియాన్ రూపొందించిన మరణకారణాల పట్టికను 1893లో అంతర్జాతీయ గణాంక సంస్థ ఆమోదించింది. 1948లో వెలువడిన ఆరో సవరణతో ఆ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థకు చేరింది. మరణాలతోపాటు వ్యాధులూ పట్టికలో చేరాయి. పదో సవరణలో జననమూత్ర వ్యవస్థ వ్యాధులన్నీ ‘ఎన్’ అక్షరం కింద ఒకే అధ్యాయంగా ఉన్నాయి.

చికిత్సలకు వేరే పట్టిక కావాలన్న ఆలోచన ఆ తరవాతది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో సీపీటీ అనే చికిత్సాసంకేతాల పుస్తకాన్ని ప్రచురించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1978లో చికిత్సల వర్గీకరణను ప్రయోగాత్మకంగా వెలువరించింది. దీనితో ఒక రోగి కథ రెండు సంఖ్యలుగా విడిపోయింది: అతనికి ఏమైందన్నది ఒక సంఖ్య, అతనికి ఏమి చేశారన్నది మరొక సంఖ్య. బీమా, చెల్లింపుల వ్యవస్థలు విస్తరించినకొద్దీ రెండవ సంఖ్యకు ప్రాధాన్యం పెరిగింది.

3. సంకేతాలలో శరీరం

సీపీటీలో 50010 నుంచి 53899 వరకు మూత్రవ్యవస్థ చికిత్సలు, 54000 నుంచి పురుష జననాంగ చికిత్సలు, 56405 నుంచి స్త్రీ జననాంగ చికిత్సలు, 59000 నుంచి ప్రసూతి సేవలు వరుసగా ఉంటాయి. అమెరికాలో 2015 అక్టోబరు నుంచి ఆసుపత్రులు వాడుతున్న పదో సవరణ చికిత్సాసంకేతాలలో మూత్రవ్యవస్థకు ‘టి’, స్త్రీ పునరుత్పత్తి వ్యవస్థకు ‘యు’, పురుష పునరుత్పత్తి వ్యవస్థకు ‘వి’ అక్షరాలు కేటాయించారు. హైదరాబాద్, విశాఖపట్నం నగరాలలో మెడికల్ కోడింగ్ ఉద్యోగాలు చేస్తున్న తెలుగు పట్టభద్రులకు ఈ సంఖ్యలు నిత్యపరిచితాలు. వారు నమోదు చేసేవి ఎక్కువగా అమెరికా రోగుల చికిత్సలు.

ఈ అమరికలో ఉద్దానం రోగి చికిత్స ఎక్కడ ఉంటుందని వెతికితే ఒక విశేషం తెలుస్తుంది. అమెరికాలో అంతకుముందు వాడిన తొమ్మిదో సవరణ చికిత్సాసంకేతాలలో రక్తశుద్ధి డయాలసిస్ సంఖ్య 39.95. అది మూత్రవ్యవస్థ విభాగంలో కాక గుండె, రక్తనాళాల శస్త్రచికిత్సల విభాగంలో ఉండేది. ఉదరపు పొర ద్వారా చేసే డయాలసిస్‌కు 54.98, అది జీర్ణవ్యవస్థ విభాగంలోనిది. డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపే ఫిస్టులా కూడా రక్తనాళాల చికిత్సే. సీపీటీలోనూ డయాలసిస్ మూత్రవ్యవస్థ విభాగంలో కాక సాధారణ వైద్యసేవల విభాగంలో ఉంది. మూత్రపిండాల మార్పిడి మాత్రమే మూత్రవ్యవస్థలో చోటు పొందింది.

వర్గీకరణ తర్కం ప్రకారం ఇది సబబే. చికిత్సాసంకేతం శరీరంలో చేయి పెట్టిన చోటును చూస్తుంది. చెడిన అవయవాన్ని చూడదు. కాని మూత్రవ్యవస్థ చికిత్సల సంఖ్యలు మాత్రమే తీసి చూసే పరిశోధకునికి, ఏళ్ల తరబడి వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్ చేయించుకున్న రోగి కనిపించనే కనిపించడు.

4. ఆరోగ్యశ్రీ పట్టికలో ఉద్దానం

తెలుగునేలపై చికిత్సాసంకేతం సామాన్యుని జీవితంలోకి ప్రవేశించింది ఆరోగ్యశ్రీతో. 2007 ఏప్రిల్ 1న ఈ పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. మిగిలినవి అనంతపురం, మహబూబ్‌నగర్. ఆరంభంలో 163 చికిత్సలుండగా, కొద్దికాలంలోనే ఆ సంఖ్య 942కు చేరింది. 2022 నాటికి 3,200 దాటింది. శస్త్రచికిత్సలకు ‘ఎస్’, వైద్యచికిత్సలకు ‘ఎం’ అక్షరాలు పెట్టారు. స్త్రీవ్యాధులు, ప్రసూతి చికిత్సలు ఎస్ 4లోను, జననమూత్ర శస్త్రచికిత్సలు ఎస్ 9లోను, మూత్రపిండ వైద్యం ఎం 6లోను చేరాయి.

ప్రతి సంకేతానికీ ఒక ధర ఉంది. ఆరోగ్యమిత్ర నమోదు చేసి, ముందస్తు అనుమతి వచ్చిన తరువాతే చికిత్స. తెల్లకార్డు కుటుంబానికి ఇది గొప్ప ఆసరా అన్నది నిర్వివాదం. డయాలసిస్ కోసం విశాఖపట్నానికో బరంపురానికో పోతూ అప్పులపాలైన కుటుంబాలకు ఆ ఖర్చు తప్పింది. తరువాతి సంవత్సరాలలో టెక్కలి, పలాస, సోంపేట, కవిటి ఆసుపత్రులలోనే డయాలసిస్ కేంద్రాలు ఏర్పడ్డాయి.

అయితే ఈ పట్టికలో సంకేతం ఉన్నది ప్రధానంగా చివరిదశ చికిత్సలకు. క్రియాటినిన్ కొద్దిగా పెరిగి, మందులు, ఆహారనియమాలు, క్రమం తప్పని పరీక్షలు అవసరమైన తొలిదశ రోగికి ఆసుపత్రిలో చేరే పని లేదు. కాబట్టి అతని పేరు చికిత్సల లెక్కలోకి రాదు. 2017లో ఉద్దానం మండలాలలో పెద్దయెత్తున రక్తపరీక్షలు జరిగినప్పుడు ఈ అంతరం బయటపడింది. ఇంటింటా తేలిన వ్యాధి విస్తృతి వేరు, చికిత్సల పట్టికలో కనిపించే వ్యాధి వేరు.

పింఛను నిబంధనలలోనూ ఈ క్రమమే ఉంది. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలైంది. ఆ తరవాత డయాలసిస్ దశకు రానివారికీ 5,000 రూపాయలు ఇవ్వసాగారు. అందుకు పెట్టిన కొలతలు: క్రియాటినిన్ 5 మిల్లీగ్రాములు దాటడం, వడపోత రేటు 15 కంటె తగ్గడం, మూత్రపిండాలు కుంచించుకుపోవడం. మూడూ చివరిదశకు దగ్గరి గుర్తులే. ఉద్దానం ఊళ్లలో ‘క్రియాటినిన్’ ఇంటి మాట కావడానికి ఇదొక కారణం. పెద్ద సంకేతగ్రంథాలతో పరిచయం లేని ప్రజలు ఆ ఒక్క అంకెతోనే తమ స్థితిని చెప్పుకుంటున్నారు.

5. ధర పలికిన సంకేతం: గర్భాశయం

సంకేతం లేకపోవడం ఒక సమస్య అయితే, సంకేతానికి ధర జతకావడం మరొక సమస్య కాగలదు. ఆరోగ్యశ్రీ తొలి సంవత్సరాలలో గర్భాశయం తొలగింపు శస్త్రచికిత్సలు ఎక్కువగా జరుగుతున్నాయన్న విమర్శ వచ్చింది. 2011లో ప్రభుత్వం 133 చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేసినప్పుడు వాటిలో ఇది కూడా చేరింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయం తొలగించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతంగా తేలింది. అనవసర శస్త్రచికిత్సల విషయమై సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ ఆదేశాలిచ్చింది.

ఈ శాతాలకు ఆరోగ్యశ్రీ ఒక్కటే కారణమనడం సరికాదు. చిన్నవయసులో పెళ్లి, కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స, కూలిపనికి నెలసరి అడ్డమన్న భావన, ఇతర చికిత్సలు అందుబాటులో లేకపోవడం దీని వెనక ఉన్నాయి. ఇక్కడ గ్రహించవలసినది ఒకటే: సంకేతం జరిగినదానిని నమోదు చేయడంతో ఆగదు, ధర తోడైనప్పుడు జరగబోయేదానిని కూడా ప్రభావితం చేస్తుంది. తొలిదశ మూత్రపిండవైద్యం, డయాలసిస్ మధ్య ఉన్న తేడాను ఈ వెలుగులో చూడాలి.

6. బాల్కన్‌కు దక్కినది, ఉద్దానానికి దక్కనిది

పదో సవరణలో దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి సంకేతం ఎన్ 18. దాని ఉపసంఖ్యలు వ్యాధి దశను తెలుపుతాయి. మూలవ్యాధిని తెలపడానికి అదనంగా మరొక సంకేతం వేయవచ్చని ఆ పట్టికే సూచిస్తుంది. మధుమేహరోగికి ఆ రెండో సంఖ్య ఉంది. ఉద్దానం రోగికి ఆ చోట రాయడానికి ప్రత్యేకసంఖ్య లేదు.

కారణం తెలియకపోవడమే ఇందుకు హేతువని అనిపించవచ్చు. అదే పట్టికలోని ఎన్ 15.0 ఈ వాదాన్ని నిలవనీయదు. అది బాల్కన్ నెఫ్రోపతీకి ఇచ్చిన సంకేతం. డాన్యూబ్ ఉపనదుల వెంట ఉన్న పల్లెలలో రైతుకుటుంబాలకు సోకిన ఆ వ్యాధిని 1950లలో వైద్యులు గుర్తించారు. పదో సవరణ 1990లో ఆమోదం పొందేనాటికి దాని కారణంపై వివాదం తీరలేదు. గోధుమచేలలో పెరిగే ఒక కలుపుమొక్కలోని అరిస్టొలోకిక్ ఆమ్లమే కారణమన్నదానికి బలమైన ఆధారాలు 2007లో వెలువడ్డాయి. అంటే అక్కడ సంకేతం ముందు వచ్చింది, కారణం తరవాత స్థిరపడింది.

ఉద్దానం పేరుతోనే ఒక సంకేతం కోరడం నేడు సాధ్యం కాకపోవచ్చు. వ్యాధులకు ఊళ్ల పేర్లు పెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. వ్యాధి పేరు మోసే ఊరికి కలిగే నష్టం దృష్ట్యా ఆ సూచన సమంజసం. పైగా ఈ వ్యాధి ఉద్దానానికే పరిమితమూ కాదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకుతోటలలో ఇటువంటి వ్యాధే రైతుకూలీలను పీడిస్తోంది. అందువల్ల కావలసినది స్థలనామం కాదు. కారణం తెలియని ఈ వ్యాధిని సాధారణ మూత్రపిండవ్యాధి నుంచి వేరుచేసే సంఖ్య. 2022లో అమలులోకి వచ్చిన పదకొండో సవరణ, దశ సంకేతానికి ఇతర సంకేతాలను జోడించే పద్ధతిని విస్తరించింది. అవకాశం అక్కడ ఉంది.

7. ముగింపు

పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు తెచ్చే పథకం కూడా ఆనాడే మొదలైంది. ఈ మార్పుల ఫలితాన్ని రాబోయే కాలంలో ఎలా కొలుస్తారన్నది ముఖ్యం. డయాలసిస్‌ల సంఖ్య పెరిగితే వ్యాధి పెరిగిందనీ అనుకోవచ్చు, సేవ విస్తరించిందనీ అనుకోవచ్చు. చికిత్సాసంకేతం ఒక్కటే ఈ రెండింటినీ విడదీయలేదు.

మరణాల విషయంలో లోటు ఇంకా పెద్దది. దేశంలో నమోదవుతున్న మరణాలలో వైద్యులు కారణాన్ని ధ్రువీకరిస్తున్నవి సుమారు అయిదింట ఒక వంతు మాత్రమే. డయాలసిస్ మానుకొని ఇంట్లో కన్నుమూసిన రోగి విషయంలో చివరి సంఖ్య అతని చివరి డయాలసిస్‌దే అవుతుంది. అతనికి ఏ వ్యాధి ఉండేదో, ఎన్నేళ్లు ఉండేదో, ఏ తోటలో పని చేసేవాడో ఆ సంఖ్య చెప్పదు.

కాబట్టి ఉద్దానం చరిత్ర రాసేవారు ఆసుపత్రి సంకేతాలను ఆధారంగా తీసుకుంటూనే, అవి చెల్లింపుల కోసం పుట్టిన పత్రాలన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఇంటింటి సర్వేలు, పింఛను జాబితాలు, గ్రామాల మరణనమోదు పుస్తకాలు, బాధిత కుటుంబాల నోటిమాటలు పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ఖాళీగా ఉన్న ఆ రెండో గడిలో ఏమి రాయాలో తెలుస్తుంది. బాల్కన్ పల్లెలకు ఆ గడి ముందే దొరికింది. ఉద్దానం పల్లెలకు దానిని సంపాదించిపెట్టే ఆధారాలు కూర్చడంలో వైద్యులతోపాటు చరిత్రకారులకూ, భాషాపరిశోధకులకూ పాత్ర ఉంది.