గత సభలో అనుకున్నది ఏమైంది?

పంచాయతీ ఆఫీసు వెనక గదిలో ఒక ఇనప బీరువా ఉంది. దాని అడుగు అరలో పాత తీర్మానాల పుస్తకాలను తెల్ల నవారుతో కట్టి పెట్టారు. కొన్నిటికి అట్టలు ఊడిపోయాయి. వజ్రోత్సవ సంచికకు మన గ్రామసభ సంగతులు రాసిమ్మని కమిటీవారు అడగ్గానే నేను చేసిన మొదటి పని ఆ ముడి విప్పడం. నాలుగు రోజులు అక్కడే బల్ల వేసుకుని చదివాను. బడిలో నలభై ఏళ్లు పిల్లల నోటు పుస్తకాలు దిద్దినవాణ్ణి. ఇంత శ్రద్ధగా ఏ పుస్తకమూ చదివి ఉండను.

చేతికొచ్చిన పుస్తకాల్లో పాతది 1978లో మొదలవుతుంది. అంతకు ముందువి లేవు. ఎందుకు లేవో దివిసీమవాళ్లకు చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. సర్కారు లెక్కలోనే పదివేల మంది పోయారు. ఇళ్లకు ఇళ్లే తుడిచిపెట్టుకుపోయిన చోట పంచాయతీ పుస్తకాలు మిగులుతాయా? అందుకే తొలి పధ్నాలుగేళ్ల ముచ్చట మా నాన్న నోటా, ఆయన ఈడువాళ్ల నోటా విన్నదే ఎక్కువ.

1964కు ముందు ఆంధ్రలో 1950 నాటి మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం, తెలంగాణలో 1956 నాటి హైదరాబాదు చట్టం వేర్వేరుగా నడిచేవి. రెంటి స్థానంలో రాష్ట్రమంతటికీ కలిపి 1964లో ఒకే పంచాయతీ చట్టం వచ్చింది. మనం అరవై ఏళ్లని లెక్క పెట్టుకుంటున్నది ఆ చట్టం నుంచే. సభ ఉందంటే తలయారి ముందురోజు సాయంత్రం డప్పు కొట్టి చాటేవాడు. రామాలయం అరుగు మీద పది పదిహేనుమంది రైతులు కూర్చునేవారు. కరణంగారు లెక్క చదివేవారు, మునసబుగారు తల ఊపేవారు. దళితుల పేటవాళ్లు అరుగెక్కడానికి లేదు, వేపచెట్టు దగ్గరే నిలబడాలి. ఆడవాళ్ల సంగతి అడగనే అక్కర్లేదు. వజ్రోత్సవం పేరు చెప్పి ఆ రోజులను బంగారు రోజులని రాయలేను. చట్టంలో ఊరందరి సభ, అరుగు మీద పదిమంది సభ.

మన గ్రామసభ నిజంగా పుట్టింది ఉప్పెన తర్వాతేనని నా నమ్మకం. గుడి అరుగు కూలిపోయింది. బడి గోడలు రెండు నిలబడ్డాయి. వాటి మధ్య టార్పాలిన్ కట్టి, పైనుంచి వచ్చే బియ్యం, బట్టలు, ఇళ్ల జాబితాలు అక్కడే చదివేవారు. దివి తాలూకాలో సహాయ పనులకు మండలి వెంకటకృష్ణారావుగారు ముందు నిలబడ్డ రోజులవి. ఎక్కడెక్కడినుంచో వచ్చిన సేవా సంస్థలు ఊళ్లకు ఊళ్లు మళ్లీ కడుతున్నాయి. ఎవరికి ఇల్లు కావాలో, ఎవరి ఇంట్లో ఎంతమంది మిగిలారో ఊరంతా ఒక్కచోట కూర్చుని చెప్పుకోవలసి వచ్చింది. ఏ కులంవాళ్లు ఎక్కడ కూర్చోవాలని అప్పుడు ఎవరూ అడగలేదు. అడిగే స్థితిలో ఎవరూ లేరు.

ఆ 1978 పుస్తకంలో ఒక పేజీ ఉంది. కాగితం పసుపురంగు తిరిగింది, సిరా మటుకు నీలంగానే ఉంది. ఇళ్ల స్థలాల మీద చర్చ. మధ్యలో రాసిన మనిషి ఒక మాటను ఉన్నదున్నట్టు దించాడు. ముగ్గురు బిడ్డల్ని ఉప్పెనలో పోగొట్టుకున్న ఒక పెద్దావిడ లేచి, "కిందటి సభలో నా పేరు రాసుకున్నారు గదా, అదేమైంది?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆవిడ పేరు ఉన్న కాగితం తాలూకా ఆఫీసుకు వెళ్లిందో లేదో కూడా తెలియలేదు. కింద సర్పంచిగారు ఒక్క వాక్యం రాయించి సంతకం పెట్టారు: ఇకమీదట ప్రతి సభలో ముందుగా గత సభ తీర్మానాలు చదివి, ఏది జరిగిందో ఏది జరగలేదో చెప్పిన తర్వాతే కొత్త విషయం ఎత్తుకోవాలి.

పక్కనే చాలా వేలిముద్రలు ఉన్నాయి. ఏది ఆవిడదో చెప్పలేను.

మన ఊరి సభకు ఉన్న విలువంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఊరి బాధలు చెప్పుకోవడానికి వేరే సభ అక్కర్లేదు, టీ కొట్టు చాలు. కిందటేడు చెప్పుకున్న బాధ ఏమైందని అడిగితే జవాబు చెప్పి తీరవలసిన చోటు మాత్రం ఊళ్లో ఇదొక్కటే. ఆ ప్రశ్న అడిగిన ఏడు సభ బతికింది. అడగని ఏడు సంతకాలే మిగిలాయి. పుస్తకాలు వరుసగా చదివితే తేడా కళ్లకు కడుతుంది.

శ్మశానం దారినే తీసుకోండి. పేట నుంచి శ్మశానానికి వెళ్లాలంటే అప్పట్లో చేల గట్లే దిక్కు. వానాకాలంలో ఎవరైనా పోతే నడుం లోతు చేలోంచి పాడె మొయ్యాలి. నాట్లు పడ్డాక ఆ చేను రైతు అడ్డుపడేవాడు. 1983లో తొలిసారి ఈ దారి పుస్తకంలోకి ఎక్కింది. అప్పటినుంచి సభ జరిగినప్పుడల్లా మొదటి పేజీలో అదే మాట: శ్మశానం దారి, కాలేదు. కొన్నాళ్లకు రాసేవాళ్లు విసుగుపుట్టి "శ్మ. దారి" అని పొడి అక్షరాల్లోకి దించేశారు. అయినా వదల్లేదు. ఒకసారి సర్వేకు వచ్చారు, ఒకసారి రైతు ఒప్పుకున్నాడు, ఒకసారి ఆయన కొడుకు ఒప్పుకోలేదు. చివరికి ఉపాధి హామీ పనుల్లో మట్టి పోసి దారి వేశారు. ఆ ఏటి పేజీలో "అయినది" అన్న మాట కింద రెండు గీతలు ఉన్నాయి. పాతికేళ్లు ఊరికి ఆ దారిని గుర్తుపెట్టినవి ఈ పుస్తకాలే. వాటిని చదివి వినిపించకపోతే, అయిదేళ్లకోసారి మారే సర్పంచుల మధ్య అది ఎప్పుడో జారిపోయేది.

ఆడవాళ్లు సభకు వచ్చింది చట్టం పిలిచాక కాదు. సారా గురించి వచ్చారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న నిప్పు 1992లో రాష్ట్రమంతా పాకింది. మన పేట ఆడవాళ్లు యాభై అరవై మంది ఒక్కుమ్మడిగా బడి ఆవరణలోకి వచ్చి, సారా కొట్టు ఎత్తేయాలని తీర్మానం రాయమన్నారు. పుస్తకం తీసినవాడు రాయడానికి తటపటాయిస్తే, రాసేదాకా కదలమని అక్కడే కూర్చున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత కొట్టు లేకపోయినా వాళ్లు సభకు రావడం మానలేదు. నీళ్లు, దీపాలు, బడి, మరుగుదొడ్లు, వీటన్నిటి గురించి అడగడం వాళ్లే నేర్పారు. మూడో వంతు స్థానాలు, ఆ తర్వాత సగం స్థానాలు ఆడవాళ్లకు వచ్చేనాటికి మన ఊళ్లో వాళ్లకు మాట్లాడడం కొత్త కాదు.

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. మరుసటేడు మన రాష్ట్రానికి కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడేనని రాజ్యాంగమే చెప్పింది. ఏటా కనీసం రెండుసార్లు సభ పెట్టాలి. ఏడాది ఆదాయవ్యయాలు, ఆడిట్ నివేదిక, గత ఏడాది చేసిన పనులు, రాబోయే ఏటి పనులు, పన్ను పెంచదలిస్తే ఆ సంగతి, పథకాలకు అర్హుల ఎంపిక, ఇవన్నీ ఊరి ముందు పెట్టాలి. మనకు ఏప్రిల్ 14, అక్టోబరు 3 సభ రోజులుగా అలవాటయ్యాయి. ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి. పేటలో విగ్రహానికి దండ వేసి, అక్కడినుంచి అందరూ కలిసి బడికి నడిచి వచ్చి సభలో కూర్చునే ఆనవాయితీ మన ఊళ్లో ఉంది. ఒకప్పుడు వేపచెట్టు కింద నిలబడ్డవాళ్ల మనవలు ఇప్పుడు ఆ సభ నడుపుతున్నారు. తండ్రి చెయ్యి పట్టుకుని ఆ వేపచెట్టు దాటి అరుగెక్కిన పిల్లవాణ్ణి నేను. ఆ నడకను ఏటా చూస్తాను, ఏటా కళ్లు చెమరుస్తాయి.

1997లో జన్మభూమి వచ్చాక సభలకు జనం పెరిగారు, కుర్చీలు పెరిగాయి, మైకు వచ్చింది. కానీ సభ తీరు మారింది. ఒక్కొక్కరూ చేతిలో అర్జీతో వచ్చేవారు: నాకు పింఛను, నాకు ఇల్లు, నాకు రేషన్ కార్డు. కష్టం నిజమే, అర్జీ తప్పు కాదు. కానీ అర్జీల వరుస ముగిసేసరికి మధ్యాహ్నం అయ్యేది, అధికారులు పక్క ఊరికి బయల్దేరేవారు. గత సభ తీర్మానాలు చదవడానికి వేళ ఉండేది కాదు. ఆ ఏళ్ల పుస్తకాల్లో అర్జీల సంఖ్య ఉంటుంది, చెరువు సంగతి ఉండదు. ఎవరి అర్జీ వాళ్లు ఇచ్చి వెళ్లిపోతే అది ఊరి సభ కాదని నాకు అప్పుడే అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

చెరువు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మనది సముద్రం దగ్గర నేల, బోరు వేస్తే ఉప్పునీళ్లు. పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చే కాలువ నీళ్లే మనకు ప్రాణం. వేసవికి కాలువలు కట్టేసే లోపు మంచినీళ్ల చెరువు నిండాలి. నిండకపోతే మే నెలలో బిందె పట్టుకుని ట్యాంకరు కోసం ఎదురుచూడడమే. అందుకే ఏప్రిల్ సభలో మొదటి గంట ఎప్పుడూ చెరువుదే. తూము షట్టరు బిగుసుకుపోయిందా, లస్కరుతో మాట్లాడారా, ఫిల్టరు బెడ్లలో ఇసక మార్చారా, గట్టు చుట్టూ కంచె వేశారా అని వరుసగా అడుగుతారు. రొయ్యల చెరువులు వచ్చాక ఇంకో ప్రశ్న చేరింది. మంచినీళ్ల చెరువు పక్క చేలో రొయ్యల గుంట తవ్వితే ఉప్పు లోపలికి ఊరుతుంది. ఆ వైపు ఇన్ని గజాల లోపల గుంట తవ్వరాదని సభ తీర్మానించింది. తవ్వదలచినాయన కూడా అదే సభలో కూర్చుని ఉన్నాడు. ఆయన ఇంటివాళ్లూ ఆ చెరువు నీళ్లే తాగుతారు. చాలాసేపు గొడవైంది. చివరికి ఆయనే లేచి ఒప్పుకుని సంతకం పెట్టాడు. పోలీసులు, కోర్టులు ఏళ్లకేళ్లు తేల్చని సంగతిని ఊరు ఒక్క మధ్యాహ్నంలో తేల్చుకోవడం నేను నా కళ్లతో చూశాను.

ఉపాధి హామీ వచ్చాక సామాజిక తనిఖీ వచ్చింది. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం 2008 నాటికి మన జిల్లాకూ వచ్చింది. తనిఖీ బృందం వారం రోజులు ఇంటింటికీ తిరిగి, మస్టరు రోలులోని పేర్లు, కూలీ డబ్బులు సభలో గట్టిగా చదివింది. ఒకామె లేచి, "ఆ వారం నేను పురిటికి మా అమ్మగారింటికి వెళ్లాను, పనికి రాలేదు, డబ్బులు తీసుకోలేదు" అంది. ఆమె వేసినట్టుగా వేలిముద్ర కాగితం మీద ఉంది. సభ ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. బాధ్యులెవరో తేల్చడం మండల ప్రజావేదికలో జరిగింది, ఇక్కడ పేరు రాయను. అంతవరకు లెక్క అంటే పెద్దవాళ్ల వ్యవహారమనుకున్న కూలిజనం ఆ రోజు తమ పేరు, తమ రోజులు, తమ డబ్బు వినడం మొదలుపెట్టారు.

మచ్చ ఉన్న పేజీలూ ఉన్నాయి. 2018 ఆగస్టులో పాలకవర్గం గడువు ముగిసింది, మళ్లీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలోగాని జరగలేదు. మధ్యలో ప్రత్యేకాధికారి పాలన. ఆ రోజుల్లో ఒకసారి సభ జరగకుండానే జరిగినట్టు పుస్తకంలోకి ఎక్కింది. పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చి సంతకం పెట్టమన్నారు. నేను బజారుకు వెళ్లే తొందరలో ఉన్నాను, చదవకుండానే పెట్టేశాను. నా సంతకం ఆ పేజీలో ఉంది. ఆ పేజీలో గత సభ తీర్మానాల ఊసే లేదు. ఏమి అడగాలో తెలిసీ అడగని తప్పు నాదే, దాన్ని దాచి ఈ వ్యాసం రాయలేను.

ఇప్పుడు ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. 2021-26 మధ్య పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో సగానికి పైగా తాగునీటికీ పారిశుధ్యానికీ కట్టుబడి ఉండేవి, మిగిలినదాని మీదే ఊరికి ఎంపిక ఉండేది. పెట్టవలసిన పని ముందే తెలిసి ఉంటే ఆ కాస్త డబ్బూ సరైన చోటికి పోతుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. మన బడి ఆవరణ కూడా చాలా ఏళ్ల తర్వాత నిండింది. పిల్లలకు అటెండెన్సు తీసినట్టు వార్డువారీగా పేర్లు పిలిచారు. గత సభ తీర్మానాలు చదవమని వెనక వరసలోంచి ఇంజనీరింగ్ చదువుకునే అమ్మాయి అడిగింది. పుస్తకం ఎక్కడుందో వెతకడానికి పావుగంట పట్టింది. అందరూ ఓపిగ్గా కూర్చున్నారు.

ఆ రోజు చదివిన వాటిలో ఇంకా కానివి నాలుగు ఉన్నాయి. మంచినీళ్ల చెరువు ఉత్తరం గట్టుకు రివిట్‌మెంటు. తుఫాను షెల్టరు పైకప్పు, గాలివాన వస్తే ఊరంతా తలదాచుకునే చోటు అదే కనక వానలకు ముందే చూడాలి. కాలువ గట్టు మీద బడి మలుపులో దీపం. పేట డ్రెయిను చివర కల్వర్టు, అది లేక మురుగు అంగన్‌వాడీ ముందు నిలుస్తోంది. ఈ నాలుగూ ఇక్కడ అచ్చేయిస్తున్నాను, ఎవరికి వారు చింపుకుని జేబులో పెట్టుకోవడానికి వీలుగా. అక్టోబరు 3 సభకు పాత పుస్తకాలన్నీ బల్ల మీదికి తెచ్చి పెట్టమని కార్యదర్శిగారికి చెప్పాను. 1978 పుస్తకానికి కొత్త అట్ట నేనే కుట్టిస్తున్నాను.